మీకు తెలుసా? కయ్యానికీ ఓ లెక్కుంది!

రెండు దేశాలు ఎందుకు కొట్టుకుంటాయి? పోటీపడి ఆయుధాలు ఎందుకు పోగేసుకుంటాయి? ఇవి చరిత్రకారులకూ రాజకీయ నాయకులకూ మాత్రమే సంబంధించిన ప్రశ్నలని అనుకుంటాం. కానీ వందేళ్లకు పైగా గణితవేత్తలు, ఇంజినీర్లు, జీవశాస్త్రవేత్తలు ఈ ప్రశ్నలను సమీకరణాల్లో పెట్టి చూస్తున్నారు. ఆ దారి తెరిచిన మనిషి యుద్ధం గెలవడానికి కాదు, యుద్ధాన్ని ఆపడానికి లెక్క వేశారు. ఆయనతోనే మొదలుపెడదాం.

అంబులెన్స్ నడుపుతూ రాసిన సమీకరణం

లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1881లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో క్వేకర్ల కుటుంబంలో పుట్టారు. క్వేకర్లు యుద్ధంలో ఆయుధం పట్టకూడదని నమ్మే క్రైస్తవులు. మొదటి ప్రపంచ యుద్ధంలో రిచర్డ్‌సన్ తుపాకీ పట్టనన్నారు. అలాగని ఇంట్లోనూ కూర్చోలేదు. 1916లో వాతావరణ శాఖ ఉద్యోగం వదిలి ఫ్రాన్స్ వెళ్లి, క్వేకర్ల అంబులెన్స్ దళంలో చేరి, గాయపడిన సైనికులను ఆస్పత్రులకు చేరవేశారు. తీరిక దొరికినప్పుడల్లా రెండు సంగతులు ఆలోచించేవారు. రేపటి వాతావరణాన్ని లెక్కకట్టి ముందే చెప్పగలమా? అసలు యుద్ధాలు ఎందుకు వస్తాయి? మొదటి ఆలోచన 1922లో పుస్తకంగా వచ్చింది. తుఫాను ఎటు కదులుతుందో ఇవాళ కంప్యూటర్లు చెప్పగలగడానికి పునాది అదే. దాని రాతప్రతి 1917లో యుద్ధం గందరగోళంలో పోయి, కొన్ని నెలల తర్వాత బెల్జియంలో ఒక బొగ్గుకుప్ప కింద దొరికింది! రెండో ఆలోచన 1919లో చిన్న పుస్తకమైంది. దాన్ని తానే అచ్చు వేయించి, తోటి అంబులెన్స్ సిబ్బందికి అంకితమిచ్చారు.

భయం, అలసట, పగ

ఒక దేశం ఆయుధాల ఖర్చు ఏటా ఎంత పెరుగుతుంది? రిచర్డ్‌సన్ లెక్కలో దాన్ని నడిపేవి మూడే. ఒకటి భయం. అవతలి దేశం దగ్గర ఆయుధాలు ఎన్ని ఎక్కువుంటే మనకు అంత బెదురు, మన కొనుగోళ్లు అంత జోరు. రెండోది అలసట. మన దగ్గర ఇప్పటికే ఉన్న సైన్యం ఎంత పెద్దదైతే పన్నుల బరువు అంత ఎక్కువ, 'ఇక చాలు' అనేవాళ్లూ అంత ఎక్కువ. మూడోది పగ. ఎదుటివాడి చేతిలో ఆయుధం ఉన్నా లేకపోయినా మనసులో ఉండిపోయే పాత కక్ష ఇది. భయాన్నీ పగనూ కూడి అలసటను తీసేస్తే ఈ ఏడాది పెరుగుదల వస్తుంది. అవతలి దేశానికీ ఇలాంటిదే ఇంకో సమీకరణం ఉంటుంది. మన ఆయుధాలు వాళ్ల భయంలో చేరతాయి, వాళ్ల ఆయుధాలు మన భయంలో చేరతాయి. ఇద్దరిలో ఎవరూ యుద్ధం కోరుకోకపోయినా ఇద్దరి ఖర్చూ ఎలా పెరుగుతుందో ఈ రెండు సమీకరణాలు చూపిస్తాయి.

ఒక్కరు నింపాదిగా ఉన్నా చాలు

ఈ పోటీ ఎప్పుడు ఆగుతుంది, ఎప్పుడు అదుపు తప్పుతుంది? భయం, అలసట ఒక్కో దేశంలో ఎంత గట్టిగా పనిచేస్తాయో చెప్పే అంకెలను గుణకాలు అందాం. రెండు దేశాల భయాల గుణకాలను హెచ్చవేయాలి. రెండు దేశాల అలసటల గుణకాలనూ హెచ్చవేయాలి. అలసటల లబ్ధం పెద్దదైతే పోటీ ఏదో ఒకచోట నిలుస్తుంది. భయాల లబ్ధం పెద్దదైతే ఇక నిలవదు. ఉదాహరణకు ఇరువైపులా అలసట 2 చొప్పున ఉందనుకుందాం. లబ్ధం 4. ఒక దేశం భయం 3, రెండోదాని భయం 1 అయితే లబ్ధం 3. అంటే ఒకరు బాగా బెదిరినా రెండోవారు నింపాదిగా ఉన్నారు కాబట్టి పోటీ అదుపులోనే ఉంటుంది. ఆ రెండోవారి భయం 1 నుంచి 2కి పెరిగిందా, లబ్ధం 6 అవుతుంది. ఇక పగ్గాలుండవు. ఒకవైపు బెదురు ఎంత ఉన్నా, రెండోవైపు నిబ్బరం మొత్తం పోటీని ఆపగలదన్నమాట. దౌత్యం చేసేవారికి ఇంతకు మించిన పాఠం ఏముంటుంది?

యుద్ధానికి ముందు ఐదేళ్లు

ఈ సమీకరణాలను రిచర్డ్‌సన్ నిజమైన అంకెలతో సరిచూశారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఫ్రాన్స్, రష్యా ఒక జట్టు. జర్మనీ, ఆస్ట్రియా–హంగరీ ఇంకో జట్టు. ఈ నాలుగింటి సైనిక ఖర్చు కలిపి 1909లో సుమారు 19.9 కోట్ల పౌండ్లు. 1910లో అది 20.5 కోట్లు, 1911లో 21.5 కోట్లు, 1912లో 23.9 కోట్లు, 1913లో 28.9 కోట్లు. ఏటా పెరిగిన మొత్తం చూడండి: మొదట సుమారు 56 లక్షలు, తర్వాత కోటి, తర్వాత 2.4 కోట్లు, చివరికి 5 కోట్లు. ప్రతి ఏడూ పెరుగుదలే రెట్టింపవుతూ పోయింది. మొత్తం ఖర్చు ఒక అక్షం మీద, పెరుగుదల ఇంకో అక్షం మీద పెట్టి గీస్తే నాలుగు బిందువులూ దాదాపు ఒకే సరళరేఖ మీద పడ్డాయి. సమీకరణం చెప్పినదీ అదే. 1914 వేసవిలో యుద్ధం మొదలైంది.

ఆయుధాలు దించితే సరిపోదు

రెండు దేశాలూ ఒకేసారి ఆయుధాలన్నీ వదిలేశాయనుకుందాం. భయం సున్నా, అలసట సున్నా. సమీకరణంలో ఇంకా మిగిలేది పగ. అది ఉన్నంతకాలం మర్నాటి నుంచే ఖర్చు మళ్లీ మొదలవుతుంది. ఒక్క దేశమే ఆయుధాలు వదిలేస్తే ఎదుటివాడి ఆయుధాల భయానికి పగ కూడా తోడై ఆ దేశం ఇంకా త్వరగా ఆయుధాల వైపు తిరిగి పరుగెడుతుంది. ఆయుధాలు, పగ రెండూ సున్నా అయితేనే శాంతి నిలకడగా ఉంటుందని ఈ లెక్క చెబుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఓడిన జర్మనీ సైన్యాన్ని కుదించారు గానీ, ఆ దేశంలో రగిలిన అవమానాన్ని చల్లార్చలేదు. ఇరవై ఏళ్లకే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. అన్యాయం సరిచేయకుండా ఆయుధాలు లాక్కోవడం శాంతి కాదు. ఈ మాట ధర్మోపన్యాసంలోది కాదు, సమీకరణంలోనిది.

ఒక హత్య నుంచి ప్రపంచ యుద్ధం దాకా ఒకే కొలత

భూకంపాన్ని రిక్టర్ స్కేలు మీద కొలుస్తారు కదా. రిచర్డ్‌సన్ కొట్లాటలకూ అలాంటి కొలత తయారుచేశారు. ఒక్కరు చనిపోతే అంకె 0. వెయ్యిమంది అయితే 3, పది లక్షలయితే 6, కోటి అయితే 7. అంకె ఒకటి పెరిగితే మరణాలు పదిరెట్లు పెరిగినట్లు. 1820 నుంచి 1945 వరకు లోకంలో ఇలాంటి తగాదాల్లో పోయిన ప్రాణాలు సుమారు 5.9 కోట్లని ఆయన అంచనా. అందులో దాదాపు 3.6 కోట్లు రెండు ప్రపంచ యుద్ధాలవే. దాదాపు కోటి ప్రాణాలు స్కేలు అట్టడుగున ఉండే హత్యలవి. చరిత్ర పుస్తకాలను నింపే మిగతా యుద్ధాలూ తిరుగుబాట్లూ అన్నీ కలిపినా మొత్తంలో పావు వంతు లేవు. ఈ పరిశోధన ఆయన బతికుండగా సరైన పుస్తకంగా రాలేదు. 1953లో ఆయన కన్నుమూశాక, 1960లో రెండు సంపుటాలుగా వెలువడింది.

యుద్ధాలకు వాయిదాలు లేవు

యుద్ధాలు ఒక క్రమంలో వస్తాయా? ఇన్నేళ్లకోసారి లోకానికి యుద్ధజ్వరం వస్తుందా? దీన్ని తేల్చడానికి రిచర్డ్‌సన్ 1820 నుంచి 1929 దాకా 110 ఏళ్లు తీసుకుని, తన స్కేలు మీద 4 అంకె దగ్గర ఉన్న యుద్ధాలు ఏ ఏడాది ఎన్ని మొదలయ్యాయో లెక్కపెట్టారు. 65 ఏళ్లలో ఒక్కటీ మొదలుకాలేదు. 35 ఏళ్లలో ఒక్కొక్కటి మొదలైంది. పూర్తిగా యాదృచ్ఛికంగా జరిగే అరుదైన సంఘటనలకు వాడే పాయిజాన్ సూత్రం చెప్పిన అంకెలు 64.3, 34.5. ఇంత దగ్గరగా సరిపోయాయి! ప్రష్యా అశ్విక దళాల్లో గుర్రం తన్ని చనిపోయిన సైనికుల సంఖ్యకూ 1898లో ఇదే సూత్రం సరిపోయింది. ఎక్కడో ఒకచోట యుద్ధం మొదలయ్యే అవకాశం ప్రతి ఏడూ దాదాపు సమానంగా ఉందని దీని అర్థం. చాలాకాలం నుంచి యుద్ధం లేదు కాబట్టి ఇక రాదనుకోవడం తప్పు. చాలాకాలమైంది కాబట్టి వచ్చి తీరుతుందనడమూ తప్పే.

ఒకే భాష యుద్ధాన్ని ఆపుతుందా?

అందరూ ఒకే భాష మాట్లాడితే లోకంలో యుద్ధాలు ఉండవని అప్పట్లో కొందరు గట్టిగా నమ్మేవారు. రిచర్డ్‌సన్ ఈ నమ్మకాన్నీ అంకెలతో పరీక్షించారు. ఒకే భాష వాళ్ల మధ్య యుద్ధాలు తగ్గినట్లు మొత్తం మీద కనిపించలేదు. చైనా భాష మాట్లాడేవారి మధ్య ఊహించిన దానికన్నా తక్కువ, స్పానిష్ మాట్లాడేవారి మధ్య ఎక్కువ వచ్చాయి. స్పష్టంగా కనిపించిన సంబంధం ఇంకొకటి ఉంది. ఎక్కువ దేశాలతో సరిహద్దు పంచుకునే దేశం ఎక్కువ యుద్ధాల్లో చిక్కుకుంటుంది.

సరిహద్దు కొలవబోతే కొత్త గణితం దొరికింది

సరిహద్దులకూ యుద్ధాలకూ సంబంధం తేల్చాలంటే ముందు సరిహద్దుల పొడవు తెలియాలి. పుస్తకాలు తిరగేస్తే రిచర్డ్‌సన్‌కు వింత కనిపించింది. స్పెయిన్–పోర్చుగల్ సరిహద్దు ఒకచోట 987 కిలోమీటర్లు, ఇంకోచోట 1,214. నెదర్లాండ్స్–బెల్జియం సరిహద్దు 380 అని ఒకరు, 449 అని మరొకరు రాశారు. తప్పు ఎవరిదీ కాదు. కొలబద్ద చిన్నదైన కొద్దీ ప్రతి వంకరా లెక్కలోకి వచ్చి పొడవు పెరుగుతూనే ఉంటుంది. ఈ పరిశీలన ఆధారంగానే 1967లో బెన్వా మాండెల్‌బ్రాట్ బ్రిటన్ తీరం పొడవెంత అనే ప్రసిద్ధ వ్యాసం రాశారు. ఫ్రాక్టల్ జ్యామితి అందులోంచే ఎదిగింది. దీనికి మన దగ్గరే తాజా సాక్ష్యం ఉంది. మరింత వివరమైన పటాలతో తిరిగి కొలిస్తే భారత తీరం 7,516 కిలోమీటర్ల నుంచి 11,098కి పెరిగింది. మనం చిన్నప్పటి నుంచి 974 కిలోమీటర్లని చదువుకున్న ఆంధ్రప్రదేశ్ తీరం 1,053 అయింది. సముద్రం కదల్లేదు, కొలత మారింది.

విషవాయువు కోసమైతే వద్దు

గాలిలో సుడులు ఎలా పుట్టి చెదిరిపోతాయన్న విషయంలో రిచర్డ్‌సన్‌ను మించినవారు అప్పట్లో అరుదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్ వాతావరణ శాఖను వైమానిక మంత్రిత్వ శాఖ కిందికి తెచ్చారు. సైన్యానికి పనిచేయడం తన విశ్వాసానికి విరుద్ధమని, యుద్ధం తర్వాత తిరిగి చేరిన ఆ ఉద్యోగాన్ని ఆయన 1920లో వదులుకున్నారు. తర్వాత, గాలి సుడుల మీద తన పరిశోధన విషవాయువులు వ్యాపించే తీరు తెలుసుకోవాలనుకునే వారికి పనికొస్తోందని గ్రహించి, వాతావరణ పరిశోధనకే దూరమయ్యారు. ఇంకా అచ్చు కాని కాగితాలను నాశనం చేశారు. ఎంతో ఇష్టపడ్డ శాస్త్రాన్ని మనస్సాక్షి కోసం వదులుకున్న ఇలాంటి శాస్త్రవేత్తలు మనకు తెలియాలి, మన పిల్లల పాఠాల్లోకి రావాలి.

కార్ల ఇంజినీరు వర్గ సూత్రం

వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలంటారు మన పెద్దలు. ఉజ్జీలో కాస్త తేడా ఉంటే పోరులో అది ఎంతగా పెరుగుతుందో లెక్క తేల్చినవారు ఫ్రెడరిక్ లాంచెస్టర్. బ్రిటన్‌లో తొలితరం పెట్రోలు కార్లు తయారుచేసిన ఇంజినీరు ఆయన. ఒకరితో ఒకరు తలపడే కత్తియుద్ధంలో బలం సంఖ్యను బట్టి ఉంటుంది. దూరం నుంచి కాల్చుకునే యుద్ధంలో మాత్రం చాలామంది కలిసి ఒకరి మీద గురిపెట్టగలరు కాబట్టి బలం సంఖ్య వర్గాన్ని బట్టి ఉంటుందని 1914లో చూపారు. 1805 ట్రఫాల్గర్ సముద్ర యుద్ధానికి ముందు నెల్సన్ వేసిన పథకాన్ని ఆయన ఇదే సూత్రంతో పరీక్షించారు. 40 నౌకలు 46తో ముఖాముఖి పోరాడితే 40 వైపు నాశనమై, ఎదుటివారికి దాదాపు 23 నౌకలు మిగులుతాయి. అదే శత్రువును 23, 23గా చీల్చి, ఒక సగం మీదికి 32 నౌకలు పంపి, రెండో సగాన్ని 8 నౌకలతో అడ్డుకుంటే చివరికి 40 వైపే స్వల్ప తేడాతో గెలుస్తుంది. విభజించి కొట్టడం అనే పాత యుద్ధనీతికి గణితం ఇచ్చిన రుజువు ఇది.

కురుక్షేత్రంలో ఈ సూత్రం ఏమంటుంది?

కౌరవులవి 11 అక్షౌహిణులు, పాండవులవి 7. బాణాలతో దూరం నుంచి కొట్టుకునే యుద్ధమే కాబట్టి వర్గ సూత్రం పెట్టి చూద్దాం. 11 వర్గం 121. 7 వర్గం 49. తేడా 72. దాని వర్గమూలం సుమారు 8.5. అంటే యోధులందరూ సమానులైతే పాండవ సేన పూర్తిగా పోయి, కౌరవులకు ఎనిమిదిన్నర అక్షౌహిణులు మిగలాలి. 7తో 11ను నిలువరించాలంటే పాండవుల వైపు ఒక్కో యోధుడు సుమారు రెండున్నర రెట్లు సమర్థుడై ఉండాలి. సంఖ్యలో తక్కువ ఉన్నవాడికి నైపుణ్యం ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది. కృష్ణుడి వ్యూహం, యోధుల మనోబలం లాంటివి ఈ సూత్రంలో లేవు. ఏ నమూనా అయినా తనలో పెట్టిన విషయాలకే జవాబు చెబుతుంది.

చీమల యుద్ధానికి కంప్యూటర్ గేమ్

ఆస్ట్రేలియాలోకి చొరబడిన అర్జెంటీనా చీమలు చిన్నవి, కానీ లెక్కకు మిక్కిలి. అక్కడి మీట్ యాంట్ చీమలు పెద్దవి, బలమైనవి, కానీ సంఖ్యలో తక్కువ. లాంచెస్టర్ సూత్రం వీటి పోరుకు వర్తిస్తుందా అని పరిశోధకులు ముందు 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' అనే కంప్యూటర్ యుద్ధ ఆటలో సైన్యాలను కొట్లాటకు దింపి చూశారు. తర్వాత నిజమైన చీమలతో పరీక్షించారు. 2023లో ఫలితాలు వెలువడ్డాయి. మైదానం చదునుగా ఉంటే గుంపుగా వచ్చే చిన్న చీమలకు లాభం. ఇరుకు దారులు, అడ్డంకులు ఉంటే కొద్దిమంది బలవంతులకు లాభం. మనుషులు నేలను చదును చేసిన చోట్ల చొరబాటు చీమలు ఎందుకు గెలుస్తున్నాయో దీంతో కొంత అర్థమైంది. స్థానిక జీవుల్ని కాపాడాలంటే కొమ్మలూ రాళ్లూ నేల మీద ఉండనివ్వాలన్నమాట.

ముగ్గురైతేనే ముందుకు

ఉగాండాలోని కిబాలే అడవిలో చింపాంజీలకు పరాయి గుంపు మగ చింపాంజీ అరుపును స్పీకరులో వినిపించారు. గుంపులో ముగ్గురు లేదా అంతకు మించి మగవాళ్లుంటేనే అవి అరుస్తూ ఆ శబ్దం వైపు కదిలాయి. ఇద్దరో ఒకరో అయితే చాలావరకు మౌనంగా ఉండిపోయాయి. లాంచెస్టర్ సూత్రాలతో పోల్చి చూస్తే ఈ జాగ్రత్తకు గణిత కారణం దొరుకుతుందని 2002లో పరిశోధకులు రాశారు. తక్కువ నష్టంతో గెలుస్తామన్న నమ్మకం ఉన్నప్పుడే దాడికి దిగుతాయి. బలాలు సమానంగా ఉన్నచోట దాడి తక్కువ.

డేగలూ పావురాలూ

జింకలకు అంత వాడి కొమ్ములున్నా ఒకదాన్నొకటి చంపుకోవడం అరుదు. ఎందుకు? 1973లో జాన్ మేనార్డ్ స్మిత్, జార్జ్ ప్రైస్ దీనికి గణితంతో జవాబిచ్చారు. తర్వాతి రోజుల్లో డేగ–పావురం ఆటగా పేరొందిన నమూనా ఇది. డేగ స్వభావం ఉన్నది చివరిదాకా పోరాడుతుంది. పావురం స్వభావం ఉన్నది బెదిరించి చూస్తుంది, ఎదుటివాడు తిరగబడితే తప్పుకుంటుంది. గెలిస్తే లాభం 50, గాయపడితే నష్టం 100 అనుకుందాం. అందరూ పావురాలైతే ఒక్కొక్కరికి సగటున 25 దక్కుతుంది. కానీ ఆ గుంపులోకి ఒక్క డేగ వస్తే దానికి ప్రతిసారీ 50. దాని సంతతి పెరుగుతుంది. డేగలు ఎక్కువైతే వాటిలో అవే చీల్చుకుని నష్టపోతాయి. చివరికి సగం డేగలు, సగం పావురాల దగ్గర లెక్క నిలుస్తుంది. అక్కడ సగటు లాభం 12.5 మాత్రమే. దౌర్జన్యం ఒక్కరికి లాభంగా కనిపించినా, అది ప్రవేశించాక మొత్తం సమూహానికి దక్కేది సగానికి సగం పడిపోయింది, డేగలకు సైతం.

ఈ నమూనా ఇంకో మాటా చెబుతుంది. గాయం వల్ల నష్టం పెరిగే కొద్దీ డేగల వాటా తగ్గుతుంది. వాడి కొమ్ములున్న జింకలు ఎందుకు సంయమనం చూపుతాయన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

మేనార్డ్ స్మిత్ గురువుగారి దేహం కాకినాడకు వచ్చింది

మేనార్డ్ స్మిత్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాల ఇంజినీరు. తర్వాత లండన్‌లో జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర జీవశాస్త్రం చదువుకున్నారు. పరిణామ శాస్త్రాన్ని గణితంతో కట్టిన ముగ్గురు నలుగురిలో హాల్డేన్ ఒకరు. 1957లో ఆయన బ్రిటన్ విడిచి కలకత్తా వచ్చి భారతీయుడై స్థిరపడ్డారు. పిఠాపురంలో పుట్టిన జన్యుశాస్త్రవేత్త ద్రోణంరాజు కృష్ణారావు ఇక్కడే ఆయన శిష్యుడయ్యారు. హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. వీలునామాలో కోరుకున్న ప్రకారం ఆయన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. ప్రపంచానికి జీవగణితం నేర్పిన మనిషి మన గోదావరి జిల్లాల పిల్లలకు చివరి పాఠం అలా చెప్పారు.

యుద్ధం చేపలకు మేలు చేసిందా?

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట బాగా తగ్గింది. అప్పటి ఫ్యూమే రేవుకు, అంటే నేటి క్రొయేషియాలోని రియెకాకు, వచ్చిన చేపల్లో సొరలాంటి వేటచేపల వాటా 1914లో 12 శాతం. 1918కి అది 36 శాతమైంది. వేట మళ్లీ ఊపందుకున్నాక 1923లో 11 శాతానికి దిగింది. ఈ వింతను గమనించిన జీవశాస్త్రవేత్త ఉంబెర్తో దాంకోనా తన మామగారైన గణితవేత్త వీతో వోల్తెర్రాను కారణం అడిగారు. 1926లో వోల్తెర్రా రాసిన వేటజీవి–ఆహారజీవి సమీకరణాలు ఇప్పటికీ ప్రతి జీవావరణ శాస్త్ర పాఠంలో ఉంటాయి. మనిషి వేట ఆగితే లాభపడేది తినే చేప, తినబడే చేప కాదు అని అవి తేల్చాయి. ఈ వోల్తెర్రాయే 1931లో ముస్సోలినీ ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేయనన్నారు. సుమారు 1,200 మంది ఇటలీ ప్రొఫెసర్లలో అలా నిలబడినవారు పన్నెండు మందే.

దెబ్బకు దెబ్బ, మూడింట ఒకసారి క్షమ

అమెరికా రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య పోటీ పెట్టారు. ప్రతి ప్రోగ్రామూ ఎదుటిదానితో పదేపదే ఆడుతుంది. ప్రతిసారీ సహకరించాలా, ద్రోహం చేయాలా తేల్చుకోవాలి. మొదటి పోటీకి 14, రెండోదానికి 62 ప్రోగ్రాములు వచ్చాయి. రెండింటిలోనూ గెలిచింది అనటోల్ రపోపోర్ట్ పంపిన చిన్న ప్రోగ్రాము. ముందు సహకరించు, ఆ తర్వాత ఎదుటివాడు ఏం చేస్తే అదే చెయ్యి. అంతే! రపోపోర్ట్ కూడా శాంతివాది, రిచర్డ్‌సన్ లెక్కలను అమెరికాలో ప్రచారం చేసినవారు. అయితే ఈ పద్ధతిలో ఒక లోపముంది. ఒక్కసారి పొరపాటున ద్రోహం జరిగితే ఇద్దరూ ఒకరికొకరు బదులు తీర్చుకుంటూనే ఉంటారు. మార్టిన్ నోవాక్, కార్ల్ జిగ్మండ్ 1992లో దీనికి మందు చూపారు. ఎదుటివాడి ద్రోహాన్ని దాదాపు మూడుసార్లకు ఒకసారి క్షమించాలి. అలా చేస్తే ప్రతీకారాల గొలుసు తెగుతుంది, మోసగాడికి అలుసూ కాము.

మెల్లగా పోతే ఊరుకుంటారు, ఒక్కసారిగా పోతే లేస్తారు

జాషువా ఎప్‌స్టీన్ 2002లో కంప్యూటర్‌లో ఒక ఊహా సమాజాన్ని కట్టారు. అందులో పౌరులు, పోలీసులు ఉంటారు. ఒక్కో పౌరుడి కష్టం, ప్రభుత్వం మీద నమ్మకం కలిసి అతడి కోపాన్ని నిర్ణయిస్తాయి. అరెస్టు భయం కన్నా కోపం మించితే తిరగబడతాడు. నమ్మకం చాలా మెల్లగా తగ్గితే, ఎంత తగ్గినా ఒక్కొక్కరే బయటపడి అరెస్టవుతారు, పెద్ద తిరుగుబాటు రాదు. అంతకన్నా తక్కువే తగ్గినా ఒక్కసారిగా తగ్గితే అందరూ ఒకేసారి లేస్తారు. ఏళ్ల తరబడి అవినీతిని సహించిన జనం ఒక్క సంఘటనతో వీధిలోకి రావడాన్ని అర్థం చేసుకోవడానికి ఈ నమూనా పనికొస్తుంది.

హైదరాబాద్, లక్నో: తేడా ఎక్కడ?

మన దేశంలో 1950 నుంచి 1995 దాకా హిందూ–ముస్లిం అల్లర్ల సమాచారాన్ని అశుతోష్ వార్ష్ణేయ, స్టీవెన్ విల్కిన్సన్ పోగుచేశారు. మరణాల్లో దాదాపు సగం ఎనిమిది నగరాల్లోనే జరిగాయి. వాటిలో హైదరాబాద్ ఒకటి. పల్లెల్లో జరిగినవి 4 శాతం లోపే. జనాభా పోలికలున్న లక్నోతో హైదరాబాద్‌ను పక్కపక్కన పెట్టి వార్ష్ణేయ పరిశీలించారు. లక్నోలో చికన్ ఎంబ్రాయిడరీ వ్యాపారం హిందూ వర్తకులనూ ముస్లిం కళాకారులనూ ఒకరి మీద ఒకరు ఆధారపడేలా చేసింది. అల్లర్లు వ్యాపించకుండా అలాంటి బంధాలు అడ్డుపడ్డాయి. పల్లెలో పలకరింపులు చాలు. నగరంలో మాత్రం రెండు మతాలవారూ కలిసి నడిపే వ్యాపార సంఘాలు, కార్మిక సంఘాలు, క్లబ్బులు కావాలని 2002లో వచ్చిన ఆయన పుస్తకం చెబుతుంది.

ఈ శాంతిని నమ్మొచ్చా?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అంత పెద్ద యుద్ధం రాలేదు. మనిషి మారాడా? ఆరన్ క్లాసెట్ 1823 నుంచి 2003 వరకు దేశాల మధ్య జరిగిన 95 యుద్ధాలను పరిశీలించి 2018లో ఒక లెక్క చెప్పారు. ఈ ప్రశాంతత గత కాలపు ఒడుదొడుకుల్లో భాగం కాదని, నిజంగా మార్పేనని గణితపరంగా నమ్మాలంటే ఇది ఇంకో 100 నుంచి 140 ఏళ్లు కొనసాగాలి. శాంతి వచ్చేసిందని చేతులు దులుపుకునే సమయం ఇంకా రాలేదు.

చివరిగా

ఈ లెక్కలన్నీ ఒకే సంగతి చూపుతున్నాయి. యుద్ధం విధిరాత కాదు. దాన్ని పెంచేవి భయం, పగ. తగ్గించేవి నిబ్బరం, న్యాయం, క్షమ, కలిసి చేసే పని. రిచర్డ్‌సన్ తన సమీకరణాలను జోస్యంగా ఎన్నడూ చెప్పుకోలేదు. మనుషులు ఆగి ఆలోచించకపోతే ఏం జరుగుతుందో మాత్రమే అవి చెబుతాయని ఆయన అభిప్రాయం. కాబట్టి ఈసారి పొరుగు దేశం ఆయుధాలు కొన్నదన్న వార్త చదివినప్పుడు, మన కొనుగోళ్ల వార్త వాళ్లకు ఎలా కనిపిస్తుందో కూడా ఒక్క క్షణం ఆలోచించండి. లెక్కలు చదివే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లకు రిచర్డ్‌సన్ కథ చెప్పండి. గణితం శాంతికీ పనికొస్తుందని వాళ్లకు తెలియాలి.